డెబ్బై ఏడు నాటి ధర

మార్చి 3, గురువారం

ఎర్మాన్నో కవార్దిని వచ్చాడు. చేతిలో ఒక వైను సీసా. పాతికేళ్లు వాళ్ల ఫ్యాక్టరీ ఆఫీసులో టైపు మిషను ముందు కూర్చుని నడుం విరగ్గొట్టుకున్న మనిషికి ఒక్క సీసా. దాని మెడకి రిబ్బను కూడా కట్టాడు.

ఫ్యాక్టరీ పెట్టి యాభై ఏళ్లయిందట. మేలో టౌన్‌హాల్లో ప్రదర్శన. మందు, గుండు, క్యాపు విడివిడిగా కూరి పేల్చే పాతకాలపు అమెరికా రివాల్వర్లకి మేం చేసిన నకళ్లన్నీ అద్దాల పెట్టెల్లో పెడతారట.

"జనానికి చరిత్ర చెబితే ఆవలిస్తారు ఫౌస్తీనా గారూ. పాత ధర చూపిస్తే మాత్రం కదలరు. ‘అబ్బో, ఇంత చవకా!’ అంటారు. ఒక్కోదాని పక్కన అది వచ్చిన ఏడాది, అప్పటి దుకాణం ధర. అంతే. మా దగ్గర ఒక్క పట్టికా మిగల్లేదు. మీ దగ్గరైతే ఉంటాయని అందరూ అంటున్నారు."

"ఉన్నాయి. మీకు ఎప్పటికి కావాలి?" అన్నాను.

మీకు! వీడికి నాలుగేళ్లప్పుడు ఆఫీసులో ముక్కు తుడిచింది నేనే. ఇప్పటికీ ‘మీరు’ అంటున్నాను. వాళ్ల నాన్న పోయి పదేళ్లయినా నా నాలుక మాత్రం ఇంకా అక్కడే ఉద్యోగం చేస్తోంది.

ఒప్పుకున్నాను. పని లేక కాదు. వేరేవాళ్లు చేస్తే తప్పులు రాస్తారు.

మార్చి 5, శనివారం

మంచం కింద నుంచి మూడు అట్టపెట్టెలు లాగాను. తుమ్ములు.

1973: నేవీ మోడల్, ఇత్తడి చట్రం 38,000 లీరాలు. ఉక్కు చట్రం 49,500.
1974: ఉక్కు చట్రం 57,000.
1975: 64,000.
1976: 74,500.

అన్నీ నేను కొట్టినవే. ప్రతి డిసెంబరులో ఎర్మాన్నో నాన్న, పెద్ద కవార్దిని, నా కుర్చీ వెనక నిలబడి అంకెలు చెప్పేవాడు, నేను కొట్టేదాన్ని. మెడ మీద అతని చుట్ట వాసన. అంకె పెంచినప్పుడల్లా చిన్నగా దగ్గేవాడు, సిగ్గుపడుతున్నట్టు. సిగ్గా, వాడి బొంద!

డెబ్బై నాలుగులో నా జీతం నెలకి రెండు రివాల్వర్ల మీద కాస్త. మెరుగుపెట్టే ఆడవాళ్లకి రెండు కూడా వచ్చేవి కావు. ఈ సంగతి ప్రదర్శనలో రాయమని ఎర్మాన్నో అడగలేదు.

మార్చి 6, ఆదివారం

1978 నుంచి 1985 దాకా రాశాను. 1977 దొరకలేదు.

మార్చి 9, బుధవారం

సంతలో జున్ను బండి దగ్గర జెల్మీరా తగిలింది.

"ఏమే ఫౌస్తీ, ధరలు రాస్తున్నావట? ఎర్మాన్నో ఊరంతా చాటుతున్నాడు."

"ఏదో, అడిగాడని."

"నా కన్ను ధర వేశావా అందులో? ఎడమది. పాపం, ఇత్తడి చట్రం పాటి కూడా చెయ్యలేదు." అని పకపకా నవ్వింది.

జున్ను బండివాడూ నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక ఒళ్లు మండిపోయింది. ముప్పై మూడేళ్ల నుంచి అదే హాస్యం. పెళ్లిళ్లలో అదే, చర్చి మెట్ల మీద అదే. గాజు కన్నుని అందరి మొహాన కొట్టి నవ్వుతుంది, మనమూ నవ్వాలి. ఉక్కు భాగాలకి నీలిరంగు ఎక్కించే మరుగుతున్న నీలం తొట్టిలో తడి ముక్క పడితే క్షారం పైకి చిమ్ముతుందని ఫ్యాక్టరీలో చంటిపిల్లకీ తెలుసు. తెలిసీ వేసింది. దానికి నేనేం చెయ్యను? నేను ఆ గదిలో లేను.

ఆ జున్ను కూడా బాగాలేదు.

మార్చి 10

నేను ఆ గదిలో లేను.

మార్చి 14, సోమవారం

ఎర్మాన్నో ఫోను. "మిగతావి ఒకటీ అరా లేకపోయినా పర్వాలేదు, డెబ్బై ఏడు మాత్రం తప్పకుండా కావాలి. పొట్టి గొట్టం మోడల్ ఆ ఏడే వచ్చింది కదా. మధ్య పెట్టెలో అదే పెడుతున్నాం."

దొరకలేదన్నాను.

"మీ దగ్గర దొరక్కపోవడమా!" అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మార్చి 20, ఆదివారం

మా ఆయన సమాధి దగ్గరికి పువ్వులు పట్టుకెళ్లాను. రెండు వరసల అవతల తుల్లియో సమాధి. అతని భార్య ఒర్సొలా అక్కడే ఉంది, గుడ్డతో రాయి తుడుస్తూ. ఎనభై నాలుగేళ్లు. ఇంకా రోజూ వస్తుంది.

తుల్లియో జెల్మీరాకి సొంత మేనమామ. నీలం తొట్టి గదికి మేస్త్రీ. ఆ పిల్లని పనిలో పెట్టిందీ, పని నేర్పిందీ అతనే. ప్రమాదం జరిగిన దగ్గర్నుంచి ఆ రెండిళ్లకీ మాటల్లేవు. జెల్మీరా వాళ్లమ్మ తోడబుట్టినవాడితో మాట్లాడకుండానే కన్ను మూసింది. నాలుగేళ్ల కిందట తుల్లియో పోతే, వానలో ఊరంతా వచ్చింది, జెల్మీరా రాలేదు.

ఒర్సొలా నా చెయ్యి పట్టుకుంది. "జెల్మీరా కనబడితే చెప్పమ్మా. ఆయన చెట్టు చెస్ట్‌నట్‌లు ఎండబెట్టి ఒక సంచీ దాచానని. బతికున్నప్పుడు ఆయన ఏటేటా పట్టుకెళ్లేవాడు. గుమ్మంలోంచే విసిరికొట్టేది. అయినా పట్టుకెళ్లేవాడు."

"మీ ఇంటి గొడవల్లో నేను తలదూర్చనమ్మా" అన్నాను.

అంతే కదా. వాళ్ల కుటుంబం సంగతి. నాకెందుకు?

మార్చి 22

1977 దొరకలేదు.

మార్చి 27, ఆదివారం

దొరికింది.

దొరికింది అని రాయడం కూడా అబద్ధమే. ఎక్కడుందో మొదటి రోజు నుంచీ తెలుసు. మూడో పెట్టెలో అడుగున, మా పెళ్లి ఫోటోల కవరు కింద. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇక్కడా అబద్ధం రాస్తే ఇక రాయడం ఎందుకు?

ఒకే కాగితం. ఒకవైపు 1977 ధరలకి నేను కొట్టిన చిత్తుప్రతి. పొట్టి గొట్టం మోడల్, ఉక్కు చట్రం: 83,000 లీరాలు. పెద్ద కవార్దిని పిసినారి, ఒకవైపు వాడిన కాగితాలు పారేయనిచ్చేవాడు కాదు. వెనక్కి తిప్పితే బ్రెషా నుంచి వచ్చిన కొటేషన్. నీలం తొట్టికి రేకు అడ్డు, పొగ లాగే ఫ్యాను, ముఖానికి మాస్కులు రెండు. మొత్తం 5,80,000 లీరాలు. దాని మీద పెన్సిలుతో అతని చేతిరాత: ‘తర్వాత.’

ఏడు రివాల్వర్లు. ఏడు అమ్మితే ఇంకా వెయ్యి లీరాలు మిగులుతాయి. నెలకి మూడు వందలు చేసేవాళ్లం.

డెబ్బై ఏడు నవంబరులోనే జెల్మీరా కన్ను పోయింది. ఇరవై రెండేళ్లు.

మూడో రోజు పెద్ద కవార్దిని నా వెనక నిలబడ్డాడు. ధరలు చెప్పినట్టే చెప్పాడు, నేను కొట్టాను. "పనిమనిషి నిర్లక్ష్యంగా తడి ముక్కను తొట్టిలో వేసినది. మాస్కు గోడకు తగిలించి ఉన్నది. పెట్టుకోమని చెప్పినా పెట్టుకోలేదు." మాస్కు లేదు. ఎన్నడూ లేదు. ఆ కొటేషన్ వెనక ధరలు కొట్టింది నేనే కాబట్టి, లేదని ఆ ఫ్యాక్టరీలో అందరికంటే బాగా తెలిసింది నాకే.

కింద ‘చూసినవారు’ అని ఖాళీ గీత. "తుల్లియో సంతకం పెట్టనంటున్నాడు, మొండి వెధవ" అన్నాడు. "నువ్వు పెట్టెయ్యి ఫౌస్తీనా. లాంఛనం. వచ్చే నెలలో నీ పెళ్లి కదా, ఒక నెల జీతం కానుకగా ఇస్తాను" అని దగ్గాడు.

పెట్టాను.

బీమా వాళ్లు ఆమెకి రావాల్సిన దాంట్లో సగం కోసేశారు. పనిలోంచీ తీసేశారు. చూసిందెవరని జెల్మీరా అడిగితే, ఆ గదిలో ఉన్నవాళ్లే చెప్పారన్నాడు పెద్ద కవార్దిని.

ఆ గదిలో ఉన్నది తుల్లియో ఒక్కడే.

ఏప్రిల్ 1, శుక్రవారం

కాగితం పట్టుకుని ఎర్మాన్నో ఆఫీసుకి వెళ్లాను. రెండువైపులా చదివాడు. మర్యాదగా కాఫీ తెప్పించాడు.

"నాన్నగారు పోయి ఎన్నేళ్లయింది! ఇదంతా ఇప్పుడు ఎందుకండీ? పండగ పూట ఎవరి మనసూ నొప్పించొద్దు. ఎనభై మూడు వేలు, అది చాలు. వెనకవైపు ఎవరికీ అక్కర్లేదు."

"జెల్మీరాకి అక్కర్లేదా?"

"ఆవిడ హాయిగా ఉంది కదా. ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటుంది."

"ఒకసారి మీ కన్ను పీకి ఇవ్వండి, మీరెంత హాయిగా ఉంటారో చూద్దాం."

వాడికి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. కాఫీలో చక్కెర కలుపుతూ అన్నాడు: "పాత ఫైళ్లన్నీ చదివాను ఫౌస్తీనా గారూ. ఆ వాంగ్మూలం కింద సంతకం మా నాన్నది కాదు. మీరు ఆడవాళ్లు, పెద్దవాళ్లు. మీకు ఇబ్బంది ఎందుకని ఊరుకున్నాను."

నా కాగితం నేను లాక్కుని వచ్చేశాను. కాఫీ తాగలేదు. తాగాను. సగం తాగాను.

ఏప్రిల్ 2

నీచుడు. నీచుడి కొడుకు. నన్ను కాపాడుతున్నాడట!

ఏప్రిల్ 3

నెల జీతం. దాంతో పరుపు కొన్నాం. ముప్పై ఏళ్లు దాని మీదే పడుకున్నాను. మా ఆయనకి చెప్పలేదు. ఆయన నవ్వుతూ అనేవాడు, పెద్ద కవార్దిని పైకి కనబడడు గానీ మంచివాడని.

ఏప్రిల్ 7

జెల్మీరా ఇంటి దాకా వెళ్లాను. కిటికీలో ఆమె కనబడింది. వెనక్కి వచ్చాను. ఎందుకు చెప్పాలి? ఎవరికి లాభం? పోయిన మనిషి తిరిగొస్తాడా? ఎర్మాన్నో కూడా సరిగ్గా ఇలాగే అన్నాడు.

అందుకే వెళ్లాలి.

ఏప్రిల్ 12, మంగళవారం

వెళ్లాను. బల్ల నిండా పిండి. కాసొన్‌చెల్లీ చేస్తోంది. పలచటి పిండి రేకులో మాంసం ముద్ద పెట్టి, మడిచి, వేళ్లతో నొక్కుతోంది.

"రావే ఫౌస్తీ. చేతులు కడుక్కుని ఒక పట్టు పట్టు. ఒంటి కన్నుతో నేను పెట్టే మడతలన్నీ వంకరే."

"జెల్మీరా, ఒక మాట చెప్పాలి."

"చెప్పు. చెవులు రెండూ ఉన్నాయి."

కాగితం బల్ల మీద పెట్టాను. కొటేషన్ చదివింది. ‘తర్వాత’ అన్న మాట దగ్గర పిండి వేలు పెట్టి కాసేపు ఉంచింది.

"ముసలి కుక్క. నాకు తెలుసు. కాగితం చూళ్లేదు గానీ తెలుసు. ఇందుకేనా ఇంత మొహం వేసుకుని వచ్చావు?"

"ఇందుక్కాదు. ఆ వాంగ్మూలం..."

"మా మామ సంతకం పెట్టిందేగా? దాని ఊసు నా ఇంట్లో ఎత్తకు."

"మీ మామ పెట్టలేదు. పెట్టనన్నాడు. నేను పెట్టాను."

మడుస్తున్న చెయ్యి ఆగింది.

"నువ్వు ఆ గదిలో లేవు."

"లేను."

"లేకుండానే చూశావా?"

బల్ల అంచుకి అంటిన పిండిని గోటితో గీకాను.

"మాస్కు గోడకి ఉందని నువ్వు రాశావా?"

"అతను చెప్పాడు, నేను కొట్టాను."

"చెప్పినవాడి సంగతి అడగలేదు. నీ సంగతి అడిగాను."

"రాశాను."

కన్ను గురించి తిడుతుందనుకున్నాను. దానికి సిద్ధపడే వెళ్లాను. కన్ను ఊసే ఎత్తలేదు.

"ఫౌస్తీ, మా అమ్మ పోయేముందు తమ్ముణ్ని చూస్తానంది. నేను వద్దన్నాను. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఆయన మెట్ల మీద కూర్చుని ఏడిచాడు. ‘ఒట్టు, నేను కాదే తల్లీ’ అన్నాడు. నేను ఉమ్మేశాను. మొహం మీద." చేతులు ఏప్రానుకి తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది. "ఊరంతా ఆయనే అనుకుంది. నీకు తెలుసా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. ముప్పై మూడేళ్ల అలవాటు.

"తెలుసు."

"ఆయన శవం వెనకాల నడిచావు కదా నువ్వు?"

"నడిచాను."

"గొడుగు వేసుకుని?"

"జెల్మీరా..."

"లే. లేచి బయటికి పో. నా కన్నుదేముంది, అది ఎప్పుడో ఎండిపోయింది. మా మామని నాకు పరాయివాణ్ని చేశావు కదే! ఏ నీళ్లతో కడుక్కోను ఈ నోరు? పో!"

బల్ల మీద ఉన్నవన్నీ ఒక్క తోపుతో నేల మీదికి తోసేసింది. నేను తలుపు దాటాక కూడా ఏదో పగిలిన చప్పుడైంది.

ఏప్రిల్ 13

నాకు ఆమె మీద కోపం వస్తోంది. చెప్పడానికి వెళ్లిన మనిషిని వెళ్లగొట్టింది. ఎంత సిగ్గులేనిదాన్ని నేను, ఇంకా ఆమె మీదే కోపం వస్తోంది.

ఏప్రిల్ 24, ఈస్టరు

ఎవరూ రాలేదు. ఎర్మాన్నో ఇచ్చిన సీసా సింకులో పారబోశాను.

మే 7, శనివారం

రేపే ప్రదర్శన. ధరల చీటీలు సర్దడానికి టౌన్‌హాల్లో రోజంతా ఉన్నాను. పెట్టెల తాళంచెవులు నాకే ఇచ్చారు. ఎర్మాన్నో రెండుసార్లు వచ్చి చూసుకున్నాడు. 1977 దగ్గర ‘83,000 లీరాలు’ అని ఉంది. తృప్తిగా తలూపాడు.

"మీరు లేకపోతే ఈ పని అయ్యేది కాదు."

"నీ మెప్పు నువ్వే ఉంచుకో, ఎర్మాన్నో" అన్నాను.

నువ్వు అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చింది!

అందరూ వెళ్లాక చీటీ మార్చాను.

మే 8, ఆదివారం

చీటీ మీద ఏముందో ఇక్కడ రాసుకుంటాను, మళ్లీ దొరక్కపోవచ్చు:

‘పొట్టి గొట్టం మోడల్, 1977. దుకాణంలో ధర 83,000 లీరాలు. అప్పట్లో నీలం తొట్టికి అడ్డు, ఫ్యాను, మాస్కులు 5,80,000 లీరాలు. ఏడు రివాల్వర్ల ధర. కొనలేదు. నవంబరులో జెల్మీరా బొంతాక్కి ఎడమ కన్ను పోయింది. మాస్కు ఉన్నదని రాసిన వాంగ్మూలం అబద్ధం. దాని మీద తుల్లియో సంతకం పెట్టలేదు, అడిగినా పెట్టలేదు. పెట్టినది నేను. ఫౌస్తీనా గెల్ఫీ.’

పక్కన ఆ కాగితం, కొటేషన్ వైపు పైకి పెట్టి.

పది గంటలకి తెరిచారు. మేయరు మాట్లాడాడు, ఎర్మాన్నో మాట్లాడాడు. జనం పెట్టె పెట్టెకీ నడుస్తూ ‘అబ్బో, ఇంత చవకా’ అంటూనే ఉన్నారు. వాడు చెప్పింది నిజమే. మధ్య పెట్టె దగ్గరికి వచ్చేసరికి మాటలు ఆగిపోతున్నాయి. ఒకరు చదవడం, పక్కవాళ్ల మోచెయ్యి గిల్లడం. తలలు తిప్పి నా వైపు చూడడం. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. వెళ్లిపోదామనుకున్నాను. వెళ్లలేదు.

పదకొండుకి జెల్మీరా వచ్చింది. ఒంటరిగా కాదు. ఒర్సొలాని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది. నేను చెప్పిన రెండో రోజే ఆ ఇంటికి వెళ్లిందట, తర్వాత జున్ను బండివాడు చెప్పాడు. ఆ గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుందట.

చీటీ సంగతి ఎవరు చెప్పారో తెలియదు. తిన్నగా మధ్య పెట్టె దగ్గరికే వచ్చారు. జెల్మీరా కుడికన్ను అద్దానికి ఆనించినంత దగ్గరగా పెట్టి చదువుకుంది. తర్వాత నిటారుగా నిలబడి మొత్తం పైకి చదివింది. ఒర్సొలాకి చెవులు సరిగ్గా వినబడవు.

"మళ్లీ చదువమ్మా. మీ మామ పేరున్న చోట" అంది ఒర్సొలా.

మళ్లీ చదివింది, ఇంకా గట్టిగా. "తుల్లియో సంతకం పెట్టలేదు. అడిగినా పెట్టలేదు." హాలు చివర వైను పోస్తున్నవాళ్ల చేతులు కూడా ఆగిపోయాయి.

ఎర్మాన్నో గబగబా వచ్చాడు. "తాళంచెవి ఇవ్వండి ఫౌస్తీనా గారూ."

"ఆవిడ చదవడం అవ్వనీ" అన్నాను.

"ఇప్పుడే ఇవ్వండి."

జెల్మీరా వాడి వైపు తిరిగింది. "బాబూ ఎర్మాన్నో, ఈ అద్దం మీద చెయ్యి వేశావంటే, నా గాజు కన్ను తీసి మీ మేయరు గ్లాసులో వేస్తాను."

ఎవరూ నవ్వలేదు. అది హాస్యం కాదని ఈసారి అందరికీ తెలిసింది.

"ఇది రాసిందెవరు?" అని ఒర్సొలా అడిగింది.

"అదిగో, గోడ దగ్గర" అంది జెల్మీరా. నా పేరు అనలేదు.

ఒర్సొలా ఒక్కో అడుగూ వేసుకుంటూ నా దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. నా మొహంలోకి చాలాసేపు చూసింది. సమాధుల దగ్గర పట్టుకున్న చెయ్యి ఈసారి పట్టుకోలేదు.

"ఇంత చిన్న అక్షరాలతో రాస్తే ఎవరికి కనబడుతుందమ్మా?" అంది.

ఇద్దరూ వెళ్లిపోయారు. జెల్మీరా నా వైపు చూడలేదు. పన్నెండింటికి పెట్టె తెరిపించి చీటీ, కాగితం తీసేశారు. ‘83,000 లీరాలు’ మళ్లీ పెట్టారు.

మే 9, సోమవారం

పొద్దున్నే అచ్చు దుకాణానికి వెళ్లాను. ఊళ్లో ఎవరైనా పోతే నల్ల అంచుతో చావు కబురు కాగితాలు అచ్చువేసి గోడలకి అంటిస్తారు కదా, ఆ కొలతకే చెప్పాను. పైన తుల్లియో పేరు. కింద అతను పెట్టని సంతకం గురించి, నేను పెట్టిన సంతకం గురించి.

అచ్చు దుకాణం ఆవిడ చదివి నా మొహం చూసింది. "ఈయన పోయి నాలుగేళ్లయింది కదండీ."

"అవును. ఆలస్యమైంది."

"ఎన్ని కాపీలు?"

"ఊళ్లో ఎన్ని చావు బోర్డులుంటే అన్ని. ఒకటి ఫ్యాక్టరీ గేటుకి. ఒకటి సమాధుల దగ్గర."

"అక్షరాలు మామూలు సైజేనా?"

"కాదు. మీ దగ్గర అన్నిటికంటే పెద్దవి ఏవో అవి వెయ్యండి" అన్నాను.